సుడిగాలి లెక్క తేల్చిన కార్మన్

విండ్‌షీల్డ్ పెట్టించినా హైవే మీద హెల్మెట్ దడదడలాడుతోందా? ఆ సుడిగాలి లెక్క తేల్చింది థియొడోర్ వాన్ కార్మన్. 1881లో బుడాపెస్ట్‌లో పుట్టారు. 1911లో జర్మనీలోని గటింగెన్‌లో ఉన్నప్పుడు హీమెన్జ్ అనే స్టూడెంట్ నీటి ప్రవాహంలో స్తంభం నిలబెడితే, నీళ్లు అటూఇటూ ఊగేవి. స్తంభం సరిగ్గా గుండ్రంగా లేదనుకుని పాపం అతను దాన్ని అరగదీస్తూనే ఉన్నాడు. తప్పు స్తంభానిది కాదు, వెనక సుళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు పుడితేనే ఆ వరుస నిలుస్తుందని కార్మన్ లెక్కగట్టి చూపించారు. 1930లో అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. 1940లో టకోమా వంతెన గాలికి ఊగి కూలితే విచారణ కమిటీలో ఉన్నారు. 1963లో పోయారు.

షీల్డ్ పైఅంచు దగ్గర పుట్టేవీ సుళ్లే. కింద కాస్త సందు వదిలితే లోపలికి గాలి చేరి వాటి జోరు తగ్గుతుంది. పొట్టి షీల్డ్ అయితే తలకు తిన్నని గాలే తగులుతుంది. హెల్మెట్‌ని తిట్టుకునే ముందు ఇవి చూడండి.