గ్యారీ కిల్డాల్

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ (మే 19, 1942 – జూలై 11, 1994) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు. మైక్రోకంప్యూటర్లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన తొలి ఆపరేటింగు సిస్టము (నిర్వహణ వ్యవస్థ) సీపీ/ఎం యొక్క సృష్టికర్తగా, డిజిటల్ రీసెర్చ్ సంస్థ వ్యవస్థాపకునిగా ఇతడు ప్రసిద్ధుడు. ఒక తయారీదారుని కంప్యూటరు కొరకు వ్రాసిన సాఫ్టువేరును మరొకరి కంప్యూటరులో స్థాపించడం దాదాపు అసాధ్యమైన రోజులలో, యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని మిగిలిన వ్యవస్థ నుండి వేరుచేసి, దానికి బయాస్ అని పేరు పెట్టినది ఇతడే.

బాల్యం, విద్యాభ్యాసం

కిల్డాల్ వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటెల్ నగరంలో జన్మించాడు. ఇతని తాత స్థాపించిన నావికా విద్యాలయాన్ని ఆ కుటుంబమే నడిపేది. గ్యారీ కూడా యౌవనంలో కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పాడు. గణిత ఉపాధ్యాయుడు కావాలనే ఉద్దేశంతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ కంప్యూటర్లపై ఆసక్తి పెంచుకున్నాడు. నిర్బంధ సైనిక సేవలో భాగంగా కాలిఫోర్నియాలోని మాంటెరేలో గల నౌకాదళ స్నాతకోత్తర పాఠశాలలో అధ్యాపకుడయ్యాడు. 1972లో డాక్టరేటు పూర్తిచేశాడు. 1973లో ప్రచురించిన పత్రంలో ఇతడు ప్రతిపాదించిన దత్తాంశ ప్రవాహ విశ్లేషణ పద్ధతి కంపైలర్ల రచనలో నేటికీ ఆధారంగా ఉంది. వ్యాపారంలో ఇతని జయాపజయాలను చెప్పేవారు ఈ పరిశోధనను తరచు మరచిపోతారు.

సీపీ/ఎం

ఇంటెల్ సంస్థ తయారుచేసిన 4004 మైక్రోప్రాసెసరును 25 డాలర్లకు కొని, దానికి ప్రోగ్రాములు వ్రాయడంతో ఇతని ప్రయోగాలు మొదలయ్యాయి. పిమ్మట ఇంటెల్‌కు సలహాదారుగా ఉంటూ పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగు భాషను రూపొందించాడు. ఆ దశలో ఇతనికి 8 అంగుళాల ఫ్లాపీ డ్రైవు ఒకటి లభించింది గాని, దానిని కంప్యూటరుకు కలిపే సాధనం లేదు. మిత్రుడు జాన్ టొరోడ్ ఆ నియంత్రణ వలయాన్ని నిర్మించాడు. డిస్కుపై దస్త్రాలను భద్రపరచి, తిరిగి చదివే వ్యవస్థను కిల్డాల్ 1974లో సిద్ధం చేశాడు. అదే సీపీ/ఎం. ఇంటెల్ దీనిపై ఆసక్తి చూపకపోవడంతో, భార్య డొరొతీతో కలిసి ఇతడే ఒక సంస్థను నెలకొల్పాడు. దాని తొలి పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్.

బయాస్, స్థాపనలోని చిక్కులు

ఆనాటి మైక్రోకంప్యూటర్లలో ఏ రెండు సంస్థల యంత్రాలకూ పోలిక ఉండేది కాదు. డిస్కు నియంత్రణ, కీబోర్డు, తెర, ముద్రణ యంత్రం అన్నీ వేరువేరు. కనుక కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ వ్యవస్థనంతటినీ తిరిగి సవరించవలసి వచ్చేది. ఇమ్సాయ్ సంస్థ తన కంప్యూటర్లకు సీపీ/ఎం కావాలని కోరినపుడు, ఈ పని ఇక సాగదని కిల్డాల్ గ్రహించాడు. వ్యవస్థలో ఆజ్ఞలను స్వీకరించే భాగం ఒకటి, దస్త్రాలను నిర్వహించే భాగం (బీడాస్) ఒకటి, యంత్రంతో నేరుగా మాట్లాడే చిన్న భాగం (బయాస్) ఒకటి ఉండేటట్లు విభజించాడు. తయారీదారుడు చివరి భాగాన్ని మాత్రం తన యంత్రానికి తగినట్లు వ్రాసుకుంటే చాలు, సీపీ/ఎం కొరకు ఉన్న ప్రోగ్రాములన్నీ అందులో నడిచేవి. 1981 నాటికి సుమారు 3000 రకాల కంప్యూటర్లలో సీపీ/ఎం నడిచేది.

స్థాపనలో ఎదురయ్యే చిక్కులకు ఇతడు ఉపకరణాలను కూడా జతచేశాడు. సీపీ/ఎం జ్ఞాపకశక్తి (మెమరీ) పై అంచున కూర్చుంటుంది. యంత్రంలో నిజంగా ఉన్న మెమరీ కంటే ఎక్కువకు సిద్ధపరచిన డిస్కును పెడితే వ్యవస్థ అసలు మొదలు కాదు. అప్పుడు తక్కువ మెమరీకి సిద్ధపరచిన మరొక డిస్కుతో యంత్రాన్ని నడిపించి, మూవ్‌సీపీఎం అనే ప్రోగ్రాముతో సరియైన పరిమాణానికి వ్యవస్థను మార్చి, సిస్‌జెన్ ద్వారా డిస్కు మొదటి వలయాలలో వ్రాయాలి. బయాస్‌లోని తప్పులను వెదకి దిద్దడానికి ఇచ్చిన సాధనం పేరు డీడీటీ. ప్రోగ్రాములోని తప్పును ఆంగ్లంలో పురుగు అంటారు. మలేరియా దోమల మందుగా మన పల్లెలకు తెలిసిన ఆ పేరుతో సాధనానికి ఇలా చమత్కారం కుదిరింది.

అయితే అన్ని చిక్కులూ తీరలేదు. 5¼ అంగుళాల ఫ్లాపీలు వచ్చాక ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పద్ధతిలో వాటిపై వ్రాయసాగింది. ఒకే సీపీ/ఎం నడుస్తున్నా ఒక యంత్రపు డిస్కును మరొకటి చదవలేకపోయేది. తెరను నియంత్రించే సంకేతాలు కూడా టెర్మినలును బట్టి మారేవి. అందువలన 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ వంటి ప్రోగ్రాముతో ప్రత్యేకంగా ఒక స్థాపక ప్రోగ్రాము వచ్చేది. టెర్మినలు పేరు తప్పుగా ఎంచుకుంటే తెరపై అర్థంలేని గుర్తులు కనిపించేవి.

ఐబీఎం వ్యవహారం

1980లో ఐబీఎం సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరుకు ఆపరేటింగు సిస్టము కోసం కిల్డాల్ ఇంటికి ప్రతినిధులను పంపింది. ఆ ఉదయం ఇతడు వ్యాపార నిమిత్తం స్వంత విమానంలో వేరే ఊరికి వెళ్ళాడు. ఐబీఎం ఇచ్చిన గోప్యతా పత్రంపై వెంటనే సంతకం చేయడానికి డొరొతీ అంగీకరించలేదు. ఇతడు విహారానికి వెళ్ళి అవకాశాన్ని పోగొట్టుకున్నాడనే కథ దీని నుండి పుట్టినదే. అది సరికాదు, ఆనాటి సాయంత్రం తాను వారితో చర్చించానని కిల్డాల్ చెప్పాడు. ఒప్పందం మాత్రం కుదరలేదు. సీపీ/ఎం పిలుపులను అనుసరించి టిమ్ పాటర్సన్ వ్రాసిన 86-డాస్‌ను మైక్రోసాఫ్ట్ కొని ఐబీఎంకు అందించింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ విడుదలైంది. కిల్డాల్ అభ్యంతరం తెలుపగా సీపీ/ఎం-86ను కూడా అమ్మడానికి ఐబీఎం ఒప్పుకుంది. దాని ధర 240 డాలర్లు, డాస్ ధర 40 డాలర్లు. ఎంపిక కొనుగోలుదారునికే వదిలినట్లు కనిపించినా, ఆ ధరలతోనే ఫలితం నిర్ణయమైపోయింది.

1980లు, 1990లలో వరంగల్ వంటి పట్టణాల శిక్షణా కేంద్రాలలో డాస్ నేర్చుకున్న తెలుగు విద్యార్థులు తెరపై చూసిన ఏ అక్షరం, దాని ప్రక్కన బాణపు గుర్తు, ఎనిమిది అక్షరాల దస్త్రపు పేరు, దానికి మూడక్షరాల తోక సీపీ/ఎం నుండి డాస్‌కు వచ్చినవే. వారు నేర్చిన వర్డ్‌స్టార్, డీబేస్ కూడా మొదట సీపీ/ఎం పైననే ప్రాచుర్యం పొందాయి.

డీఆర్-డాస్

1988లో డిజిటల్ రీసెర్చ్ సంస్థ ఎంఎస్-డాస్‌కు పోటీగా డీఆర్-డాస్‌ను విడుదల చేసింది. 1991 చివరలో విండోస్ 3.1 పరీక్షా ప్రతిని దీనిపై స్థాపించినవారికి అకారణంగా దోష సందేశం కనిపించింది. డాస్ మైక్రోసాఫ్ట్‌దేనా అని రహస్యంగా పరిశీలించే సంకేతాలు అందులో ఉన్నాయని తరువాత బయటపడింది. డీఆర్-డాస్ హక్కులు పొందిన కాల్డెరా సంస్థ 1996లో దావా వేయగా, 2000లో రాజీ కుదిరింది. అప్పటికి కిల్డాల్ జీవించి లేడు. డిజిటల్ రీసెర్చ్‌ను 1991లోనే నోవెల్ సంస్థ కొనుగోలు చేసింది.

ఇతర విషయాలు, మరణం

1983 నుండి 1990 వరకు కంప్యూటర్ క్రానికల్స్ అనే టెలివిజను కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా ఉన్నాడు. 1985లో గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వాన్ని సీడీ-రామ్ పైకి తెచ్చినది ఇతని సంస్థే.

1994 జూలై 8న మాంటెరేలోని ఒక మద్యశాలలో తలకు గాయమై, మూడు రోజుల తరువాత మరణించాడు. గాయం ఎలా తగిలినదీ స్పష్టంగా తేలలేదు. 1993లో మిత్రులకు పంచిన స్వీయచరిత్రలోని తొలి భాగాన్ని కంప్యూటరు చరిత్ర మ్యూజియం 2016లో ప్రచురించింది. సీపీ/ఎం స్మారకంగా 2014లో పసిఫిక్ గ్రోవ్‌లో, సంస్థ కార్యాలయం ఉండిన ఇంటి ముందు, ఐఈఈఈ సంస్థ ఒక ఫలకాన్ని నెలకొల్పింది.