గాజుల మలారం దించిన తాతయ్య

చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వైపు మనవాళ్ల ఇళ్లలో కైవారం తాతయ్య పటం చాలా చోట్ల కనిపిస్తుంది. ఆయన ఎవరని పిల్లల్ని అడిగితే, కాలజ్ఞానం చెప్పినాయన అంటారు. అంతటితో ఆపేస్తే మాకు వెలితిగా ఉంటుంది. రేపు ఏం జరుగుతుందో చెప్పడం ఆయన చేసిన పనుల్లో ఒకటి మాత్రమే. తెలుసుకుంటున్నది ఎవరు, తెలిసింది నిజమని ఎట్లా తెలుస్తుంది అన్నదే ఆయన బతుకంతా నడిచిన ప్రశ్న. ఆ సంగతి తెలియాలనే ఈసారి ఆయన జీవితం రాస్తున్నాము.

అసలు పేరు నారాయణప్ప. చింతామణి తాలూకా కైవారంలో బలిజ కుటుంబంలో 1726లో పుట్టారని సంప్రదాయం. తల్లి ముద్దమ్మ, తండ్రి కొండప్ప. (2007 దాకా ఇదంతా కోలారు జిల్లాయే. పాత పుస్తకాల్లో కోలారు అని కనబడితే తికమక పడనక్కరలేదు.) భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం తమ ఊరేనని కైవారం వాళ్ల నమ్మకం. ఆ ఊళ్లో పురాతనమైన అమరనారాయణస్వామి గుడి ఉంది. ఆ స్వామి పేరునే తాతయ్య తన పదాలకు ముద్రగా పెట్టుకున్నారు.

మునియమ్మతో పెళ్లయింది, పిల్లలు కలిగారు. కులవృత్తి గాజుల వ్యాపారం. మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవారు గానీ మనసు భజన మీద ఉండేది. గాజులు తొడిగి డబ్బులు అడగకుండా వచ్చేసేవారని చెబుతారు. ఇంట్లో గొడవలయ్యేవి. కథ చెప్పేవాళ్లు ఇక్కడ మునియమ్మను గయ్యాళిని చేసి నవ్విస్తారు. మాకది నచ్చదు. నెలాఖరుకు జీతం డబ్బులు లెక్కపెట్టుకుని సంసారం నడిపినవాళ్లం, పొయ్యి వెలగని ఇంట్లో ఇల్లాలి కోపం మాకు అర్థమవుతుంది. ఆయన యోగి అయ్యారంటే ఆ ఖరీదులో కొంత ఆమె కట్టింది.

అట్లా ఇల్లు విడిచి తిరుగుతున్నప్పుడు పరదేశిస్వామి అనే గురువు దొరికాడు. మంత్రం ఉపదేశించి, ఒక గులకరాయి ఇచ్చి నోట్లో పెట్టుకుని జపం చెయ్యమన్నాడట. రాయి కలకండ అయిన రోజు సాధన పండినట్టు. కైవారం కొండ గుహలో కూర్చుని తాతయ్య ఆ పని చేశారు, రాయి తియ్యనైంది అంటారు. కన్నడంలో కల్లు అంటే రాయి, కలకండను కల్లుసక్కరె అంటారు. రెండు భాషల మధ్య పెరిగిన మనకు ఈ కథ వినగానే పెదవి మీద చిన్న నవ్వు వస్తుంది.

నవ్వు అట్లా ఉంచితే, కథలో పెద్ద విషయమే ఉంది. రాయి తియ్యగా అయిందో లేదో పక్కన కూర్చున్నవాడికి తెలియదు. నోట్లో పెట్టుకున్నవాడికే తెలుస్తుంది. గురువు చెప్పినందువల్లనో, శాస్త్రం చదివినందువల్లనో తీపి తెలియదు. తాతయ్య తత్త్వాల్లో పదే పదే వచ్చే సంగతి ఇదే. శ్వాసను గమనించు, లోపలి నాదం విను, వినేవాడెవడో వెతుకు. కులం గొప్ప, పైపై ఆచారాలు ఆ వెతుకులాటకు అడ్డమని నిష్ఠూరంగానే చెప్పారు. అయితే ఒక చిక్కు లేకపోలేదు. అనుభవించినవాడికే తెలిసేదైతే, ఎవడు నిజం చెబుతున్నాడో మిగతావాళ్లకు ఎట్లా తెలియాలి? దొంగ గురువులు బతికేది ఈ సందులోనే. తాతయ్య వాళ్లనూ వదిలిపెట్టలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1724లో, జర్మన్ దేశంలో కాంట్ అనే తత్త్వవేత్త పుట్టాడు. మనిషి బుద్ధికి ఏది అందుతుంది, ఏది అందదు అని 1781లో పెద్ద గ్రంథం రాశాడు. ఆయన విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పుకునేవాడు, ఈయన గాజులమ్మేవారు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు.

గుహ నుంచి వచ్చాక తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, శతకం, కాలజ్ఞానం చెప్పారు. 1836లో కైవారంలోనే సమాధి అయ్యారు. లెక్క కడితే 110 ఏళ్లు. ఇప్పటికీ గురుపౌర్ణమికి అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. కర్ణాటక ప్రభుత్వం ఆయన జయంతి చేస్తుంది.

మా దిగులు వేరే. తాతయ్య తెలుగు పదాలు ఇక్కడ చాలావరకు కన్నడ లిపిలో అచ్చవుతున్నాయి. అది తప్పు కాదు, అట్లా అచ్చయినందువల్లనే మన పిల్లలు చదివి పాడగలుగుతున్నారు. కానీ పాడిన పిల్లను అర్థం అడిగితే తల గోక్కుంటుంది. అవ్వ అయితే చెప్పేది. నోట్లో రాయి ఉంది, నాలుకకు రుచి అందడం లేదు.

మీ ఇళ్లలో పెద్దలు తెలుగు లిపిలో రాసుకున్న భజన నోటుపుస్తకాలు అటక మీదో, ట్రంకు పెట్టెలోనో ఉంటే మా సంఘానికి చూపించండి. పుస్తకం మీ దగ్గరే ఉండనివ్వండి, మేమే వచ్చి ఎత్తి రాసుకుంటాము. ముప్పై ఏళ్లకు పైగా దస్త్రాలు ఎత్తి రాసిన చెయ్యి, ఇంకా వణకడం లేదు.