రోమాల పుట్టింటిని వెతికిన దౌత్యవేత్త

1955 చివర్లో సోవియట్ నేతలు క్రుశ్చేవ్, బుల్గానిన్ భారత్‌కు వచ్చినప్పుడు ఇరుపక్షాల మధ్య దుబాసీగా పనిచేసిన వారిలో వీర్ రాజేంద్ర రిషి ఒకరు. 1917లో పంజాబ్‌లో పుట్టిన ఆయన విదేశాంగ శాఖలో చేరి, మాస్కోలోని మన రాయబార కార్యాలయంలో పనిచేశారు. ఆయన తయారుచేసిన రష్యన్-హిందీ నిఘంటువును ఢిల్లీలోని సాహిత్య అకాడమీ 1957లో నెహ్రూ ముందుమాటతో ప్రచురించింది. 1970లో పద్మశ్రీ వచ్చింది. అయితే యూరప్‌లో ఆయన పేరు నిలిచింది నిఘంటువు వల్ల కాదు, రోమాల వల్ల.

జిప్సీలని ఇతరులు పిలిచే రోమాలు సుమారు వెయ్యేళ్ల కిందట భారత్ వదిలి వెళ్లినవారు. తాము ఎక్కడి నుంచి వచ్చామో చెప్పే రాతకోతలేవీ వారి దగ్గర లేవు. ఉన్న ఆధారం భాష ఒక్కటే. మనిషిని వారు మనుష్ అంటారు, నీటిని పానీ అంటారు, ముక్కును నాక్ అంటారు. రెండును దుయ్, ఐదును పాంచ్ అంటారు. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి మాత్రం గ్రీకు మాటలు వాడతారు. బైజాంటైన్ నేల మీద చాలాకాలం గడిపారనడానికి అదే సాక్ష్యం. ఈ చుట్టరికాన్ని జర్మన్ పండితులు 1780లలోనే గుర్తించారు. అది పుస్తకాల్లో ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు లక్షల మంది రోమాలను చంపినప్పుడు, మావాళ్లని అడిగే దేశం ఒక్కటీ లేదు.

రిషి పూరించడానికి ప్రయత్నించింది ఈ లోటునే. 1971 ఏప్రిల్‌లో లండన్ సమీపంలో జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభలో ఆయన పాల్గొన్నారు. భారత ప్రభుత్వం కూడా ఆ సభకు కొంత ఆర్థిక సాయం చేసింది. నీలం, ఆకుపచ్చ రంగుల మధ్య ఎర్రని పదహారు ఆకుల చక్రమున్న జెండాను రోమాలు స్వీకరించింది అక్కడే. ఆ చక్రం వారి బండిచక్రాన్నీ గుర్తుచేస్తుంది, మన అశోకచక్రాన్నీ గుర్తుచేస్తుంది. తర్వాత రిషి చండీగఢ్‌లో రోమా అధ్యయన సంస్థను స్థాపించి, 1974లో రోమా పత్రికను ప్రారంభించారు. 1983లో అక్కడ జరిగిన అంతర్జాతీయ రోమా ఉత్సవాన్ని ఇందిరా గాంధీ ప్రారంభించారు.

1976లో వెలువడిన పుస్తకంలో రిషి రోమాలను పంజాబీ వలసదారులుగా చూపించారు. ఘజనీ, ఘోరీల దండయాత్రల కాలంలో చెదిరిపోయిన రాజపుత్రులు, జాట్లు వారి పూర్వీకులని ఆయన వాదన. శతాబ్దాలుగా దొంగలని ముద్రపడిన జనానికి యోధుల వంశం ఇచ్చే గౌరవం చిన్నది కాదు. అందుకే చాలామంది రోమాలు ఆ కథను ఆదరించారు.

రిషి 2002లో మరణించారు. పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు మరో కోణం చూపారు. రోమా పురుషుల వై క్రోమోజోమ్ వారసత్వాన్ని భారతీయ సమూహాలతో పోల్చి, దాని మూలాలు వాయవ్య భారతంలో ఉన్నాయని తేల్చారు. దిక్కు విషయంలో రిషి అంచనా దాదాపు నిజమైంది. వంశం విషయంలో కాదు. ఆ అధ్యయనం వేలుపెట్టి చూపింది క్షత్రియులను కాదు, డోమ్ వంటి నేటి దళిత, గిరిజన సమూహాల పూర్వీకులను. రోమ్ అనే పేరు డోమ్ నుంచే వచ్చిందని భాషావేత్తలు చాలాకాలంగా చెబుతున్నదే.

2016 ఫిబ్రవరిలో ఢిల్లీలో అంతర్జాతీయ రోమా సదస్సు జరిగింది. రోమాలు భారత సంతతేనని వేదిక మీద సగర్వంగా చెప్పుకున్నారు. మరుసటి ఏడాది అదే నగరంలో సంచార కళాకారుల కుటుంబాలు దశాబ్దాలుగా నివసించిన కఠ్‌పుత్లీ కాలనీని కూల్చేశారు. దూరదేశంలోని చుట్టాన్ని గుర్తించడం కన్నా, గడప ముందున్న చుట్టాన్ని ఒప్పుకోవడం కష్టం. రోమాలకు పుట్టిల్లు ఉందని చెప్పడం రిషి చేసిన గొప్ప పని. ఆ పుట్టింటిలో వారి అన్నదమ్ములు ఏ వాడలో ఉన్నారో చూడాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.