థామస్ కావర్‌హిల్ జెర్డాన్

థామస్ కావర్‌హిల్ జెర్డాన్ (అక్టోబరు 12, 1811 - జూన్ 12, 1872) తూర్పు ఇండియా కంపెనీ కొలువులో మద్రాసు రాజధానిలో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. భారతదేశపు పక్షులపై వ్రాసిన గ్రంథం వలన ఇతడు పక్షిశాస్త్రవేత్తగా ప్రసిద్ధుడు. తెలుగువారికి ఇతని పేరు కలివికోడి ద్వారా పరిచయమైంది. ఆ పక్షి ఆంగ్లనామంలో ఇతని పేరే ఉన్నది. అయితే మట్టిలో, ఎండుటాకుల క్రింద, చెట్ల తొర్రలలో జీవించే చీమలను వర్ణిస్తూ ఇతడు 1851లో ప్రచురించిన జాబితా అంతగా ప్రచారంలోకి రాలేదు. దక్షిణ భారతదేశపు చీమల అధ్యయనం నేటికీ ఆ జాబితాను దాటుకొని పోలేదు.

బాల్యం, విద్య

జెర్డాన్ ఇంగ్లాండులోని డర్హం ప్రాంతంలో జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డాన్ స్కాట్లాండుకు చెందినవాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్యం, తరువాత వైద్యం చదివాడు. ఆ కాలంలో వైద్యవిద్యలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కూడా కలిసి ఉండేవి కనుక కంపెనీ వైద్యులలో పలువురు ప్రకృతి శాస్త్రవేత్తలయ్యారు. సామర్లకోటలో తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్, విశాఖపట్నంలో పాములను అధ్యయనం చేసిన పాట్రిక్ రస్సెల్ ఇదే కోవకు చెందినవారు.

మద్రాసు రాజధానిలో ఉద్యోగం

1835లో సహాయ వైద్యునిగా నియమితుడైన జెర్డాన్ 1836 ఫిబ్రవరిలో భారతదేశం చేరాడు. మొదట గంజాం జిల్లాలో (నేటి ఒడిషా) జ్వరాలతో, విరేచనాలతో బాధపడుతున్న సైనికులకు చికిత్స చేసే పని అప్పగించారు. తూర్పు కనుమలలో పక్షులను సేకరించడం అక్కడే మొదలుపెట్టాడు. 1837లో ఆశ్వికదళానికి బదిలీ అయి దక్కనులోని జాల్నా, ఆ తరువాత తిరుచిరాపల్లి మొదలైన చోట్ల పనిచేశాడు. 1841లో ఉదకమండలంలో ఫ్లోరా మెక్లౌడ్‌ను వివాహం చేసుకొన్నాడు. ఆమె చిత్రకారిణి, ఆర్కిడ్ మొక్కలపై ఆసక్తి గలది.

ఈ కాలంలోనే జరిగిన ఒక సంఘటన ఇతని పని తీరును మార్చివేసింది. తాను సేకరించిన పక్షుల చర్మాలను గుర్తింపు కోసం స్కాట్లాండులోని పక్షిశాస్త్రవేత్త విలియం జార్డిన్‌కు ఓడలో పంపించగా, అవి చేరేసరికి పురుగు పట్టి పాడైపోయాయి. అప్పటి నుండి జెర్డాన్ విదేశీ నిపుణుల కోసం ఎదురుచూడక, తన గుర్తింపునే నమ్ముకొని వ్రాయసాగాడు. 1839-40లో మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అనే పత్రికలో ఇతడు ప్రచురించిన పక్షుల పట్టికలో 420 జాతులున్నాయి. అంతకు ముందు కల్నల్ సైక్స్ తయారుచేసిన జాబితాకు ఇది ఇంచుమించు రెండింతలు.

నెల్లూరు

1840వ దశకంలో జెర్డాన్ నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నాడు. అక్కడి యానాదులతో పరిచయం పెంచుకొని, వారి ద్వారా నమూనాలను, స్థానిక నామాలను సేకరించాడు. వారి పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు. ఇతని పక్షి గ్రంథంలో హిందీ, తమిళ నామాలతో పాటు తెలుగు నామాలు కూడా ఉండడం తెలుగు పాఠకులు గమనించదగిన విషయం. తెలుగు పక్షినామాలను వెదికేవారికి నేటికీ అది ఒక ఆకరం. 1843-47 మధ్య మద్రాసులో వెలువడిన ఇతని సచిత్ర పక్షి గ్రంథంలో యాభై చిత్రాలున్నాయి. వాటిలో భారతీయ చిత్రకారులు వేసినవి కూడా ఉన్నాయి.

చీమల జాబితా

తరువాత జెర్డాన్ మలబారు తీరంలోని తలచేరికి మారాడు. అటు నెల్లూరు వంటి మెట్ట ప్రాంతాలు, ఇటు పడమటి కనుమల తడి అడవులు రెండూ చూచినవాడు కనుక చీమలలోని వైవిధ్యం ఇతనికి స్పష్టంగా కనిపించింది. ఫలితంగా వెలువడినదే 1851 నాటి దక్షిణ భారత చీమల జాబితా. ఇరవై అయిదు పుటల ఈ వ్యాసం కూడా మద్రాసు పత్రికలోనే అచ్చయింది. 1854లో లండనులోని ఒక ప్రకృతిశాస్త్ర పత్రిక దీనిని పునర్ముద్రించింది.

రెండు మిల్లీమీటర్ల ప్రాణిని కొత్త జాతిగా నిర్ధారించడం అంత తేలిక కాదు. తల, వక్షం ఏ ఆకారంలో ఉన్నాయి, నడుము వద్ద ఒక కణుపు ఉందా రెండున్నాయా, వీపుపై ముళ్ళున్నాయా, రంగేమిటి అన్నవన్నీ భూతద్దంతో చూచి మాటలలో పెట్టాలి. చదివినవాడు ఆ మాటలను బట్టి అదే చీమను మళ్ళీ గుర్తించగలగాలి. జెర్డాన్ శరీర లక్షణాలతో ఆగలేదు. చీమ ఎక్కడ గూడు కట్టుతుందో, ఏమి తింటుందో, ఏ ప్రాంతంలో ఎక్కువో కూడా వ్రాశాడు. వైద్యునికి రోగి అలవాట్లను అడిగి తెలుసుకొనే గుణం ఉండడం దీనికి కారణం కావచ్చు.

వీటిలో అందరి దృష్టినీ ఆకర్షించేది హార్పెగ్నాథస్ సాల్టేటర్ అనే ఎగిరే చీమ. పొడవైన దవడలు, పెద్ద కళ్ళు గల ఈ చీమ కోసం జెర్డాన్ ఒక కొత్త ప్రజాతినే ఏర్పరచాడు. మొక్కల వేళ్ళ వద్ద చిన్న గూళ్ళలో నివసిస్తుందనీ, బెదిరినపుడు ఆశ్చర్యకరమైన గంతులు వేస్తుందనీ తెలిపాడు. 2010లో జన్యుక్రమం పూర్తిగా చదివిన మొదటి రెండు చీమలలో ఇది ఒకటి. రాణి చనిపోతే పనిచీమలలో కొన్ని గుడ్లు పెట్టడం మొదలుపెట్టడం, అపుడు వాటి మెదడు సుమారు అయిదవ వంతు కుంచించుకుపోవడం దీని విశేషం. వాటిని మళ్ళీ పనిచీమలుగా మార్చితే మెదడు తిరిగి పెరుగుతుందని 2021లో తేలింది.

కేరిబారా డైవర్సా కూడా జెర్డాన్ వర్ణించినదే. దండుగా సాగే ఈ చీమల ఒకే గూటిలో అతి చిన్న పనిచీమకూ అతి పెద్ద దానికీ తల వెడల్పులో పదింతలు, ఎండబెట్టిన బరువులో అయిదు వందల రెట్లు తేడా ఉంటుంది. పువ్వులలో నివసించేది అనే అర్థం గల ఫ్లోరికోలా అనే రెండు మిల్లీమీటర్ల చీమను తలచేరి నుండి వర్ణించాడు. అది సరుకులతో పాటు ప్రయాణించి నేడు ఉష్ణమండలమంతటా వ్యాపించి ఉన్నది.

డిస్ట్రక్టర్, అనగా నాశనకారి, అన్న చీమ సంగతి వేరు. కర్ణాటక ప్రాంతంలో, అనగా నెల్లూరు మొదలుకొని దక్షిణాన ఉన్న తూర్పు మైదానాలలో, ఇది ఎక్కువనీ, మలబారులో తక్కువనీ జెర్డాన్ వ్రాశాడు. చక్కెరను ఆశగా తిన్నా దానికి మాంసపదార్థమే ఇష్టమనీ, చచ్చిన కీటకాలను, పక్షుల చర్మాలను పాడుచేస్తుందనీ తెలిపాడు. స్కాట్లాండుకు పంపిన నమూనాలు పురుగుల పాలైన మనిషి ఆ పేరు పెట్టాడని గుర్తుంచుకోవాలి. ఇది విద్యుత్ తీగల తొడుగులను కొరికివేస్తుందని ఇప్పుడు ప్రపంచమంతటా అపఖ్యాతి పొందింది.

పేర్లు మిగిలినవి, నమూనాలు మిగలలేదు

కొత్త జాతికి పేరు పెట్టినపుడు ఆధారంగా చూపిన నమూనాను ఒక సంగ్రహశాలలో భద్రపరచడం నేటి పద్ధతి. సందేహం వచ్చినవారు దానిని తీసి చూడవచ్చు. జెర్డాన్ చీమలకు అటువంటి నమూనాలేవీ మిగిలి ఉన్నట్లు తెలియదు. కనుక అతని వాక్యాలే ఆధారం. బ్రిటిష్ మ్యూజియంకు చెందిన ఫ్రెడరిక్ స్మిత్ 1858లోనూ, భారతదేశపు చీమలపై 1903లో గ్రంథం ప్రచురించిన బింగ్‌హాం కూడా ఆ వాక్యాలతోనే పని జరుపుకోవలసి వచ్చింది. అలవాట్లను, నివాసాలను స్పష్టంగా చెప్పిన చోట చీమ దొరికింది. కొన్ని పేర్లు ఏ చీమకు చెందినవో నేటికీ తేలలేదు. అవి పట్టికలలో చివరన, గుర్తింపు లేనివిగా ఉండిపోయాయి.

ప్రజాతుల విషయంలోనూ మార్పులు తప్పలేదు. డిస్ట్రక్టర్, ఫ్లోరికోలా రెండింటినీ జెర్డాన్ అట్టా అనే ప్రజాతిలో చేర్చాడు. ఇప్పుడు ఆ పేరు అమెరికా ఖండాలలోని ఆకుకోత చీమలకే పరిమితం. డిస్ట్రక్టర్ చాలాకాలం మోనోమోరియంలో ఉండి, 2015లో ట్రైకోమిర్మెక్స్‌లోకి మారింది. జాతిని వేరే ప్రజాతికి మార్చినపుడు మొదట వర్ణించినవాని పేరును కుండలీకరణాలలో ఉంచడం నియమం. విద్యార్థులు పుస్తకాలలో ఈ చీమల పేర్ల ప్రక్కన (జెర్డాన్, 1851) అని చూచేది అందువలననే. హార్పెగ్నాథస్ సాల్టేటర్ ప్రక్కన మాత్రం కుండలీకరణాలుండవు. అది అతడు పెట్టిన చోటనే ఉన్నది.

తరువాతి జీవితం

1862-64లో ది బర్డ్స్ ఆఫ్ ఇండియా వెలువడింది. వెయ్యికి పైగా జాతులను వర్ణించిన ఈ గ్రంథం సైనికాధికారులకు, తోటల యజమానులకు, వేటగాళ్ళకు సైతం చేతి పుస్తకమైంది. దేశంలోని మూలమూలల నుండి పక్షుల సమాచారం రావడం దీని తరువాతనే ఊపందుకొన్నది. 1867లో క్షీరదాలపై గ్రంథం రూర్కీలో అచ్చయింది. 1868లో పదవీ విరమణ చేశాడు. అస్సాంలో ఉండగా జ్వరం సోకి ఆరోగ్యం దెబ్బతిన్నది. 1870లో ఇంగ్లాండుకు తిరిగి వెళ్ళి, రెండేళ్ళకు లండనులోని అప్పర్ నార్‌వుడ్‌లో మరణించాడు.

కలివికోడి

నెల్లూరు, కడప జిల్లాల మధ్య కొండ ప్రాంతం నుండి జెర్డాన్ సంపాదించిన ఒక పక్షిని 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ కొత్త జాతిగా వర్ణించాడు. జెర్డాన్ దీనికి అడవ వుట తిత్తి అనే తెలుగు పేరును నమోదు చేశాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత ఇది చాలాకాలం శాస్త్రవేత్తలకు కనబడలేదు, అంతరించినదనే భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద, స్థానికుల సహాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దీనిని తిరిగి కనుగొన్నాడు. దీని రక్షణకై ఏర్పడినదే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం.