అల్ ఖ్వారిజ్మీ: గణనకు న్యాయాన్ని జోడించిన మహనీయుడు

నేడు మన విద్యార్థుల చేతిలోని సెల్‌ఫోన్ అడిగిన ప్రశ్నకు సమాధానం చెబుతున్నది. వ్యాసం వ్రాసి ఇస్తున్నది. ఒక భాషలోని మాటను మరొక భాషలోనికి మారుస్తున్నది. కృత్రిమ మేధ అని మనం పిలిచే ఈ శక్తికి మూలాధారమైన గణన విధానాన్ని ప్రపంచమంతటా ‘అల్గారిథం’ అంటారు. ఈ మాట ఒక మనిషి పేరునుండి పుట్టినది. సుమారు పన్నెండు వందల సంవత్సరాల క్రితం బాగ్దాదు నగరంలో జీవించిన ఆ పండితుడు ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఆయన పేరు మాత్రం నిలిచి, ఆయన చూపిన మార్గం మరుగున పడడం మనకు తగదు. కనుకనే ఆ మహనీయుని జీవితం మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించినాడని చరిత్రకారుల అంచనా. అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతం ఆయన పేరులో నిలిచి ఉన్నది. ఆ నేల నేడు ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాలలో చేరినది. 762లో ఖలీఫా అల్ మన్సూర్ నిర్మాణం ప్రారంభించిన బాగ్దాదు అప్పటికే విద్యలకు నిలయమై వెలుగుతున్నది. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా అల్ మామూన్ విద్వాంసులను ఆదరించినాడు. ‘బైతుల్ హిక్మా’ అనే విజ్ఞాన భవనంలో గ్రీకు, పారశీక, సంస్కృత విద్యలు అరబ్బీ భాషలోనికి ప్రవహించినవి. మతం, జాతి అడ్డు రాక పండితులు కలసి కృషి చేసిన ఆ వాతావరణంలో అల్ ఖ్వారిజ్మీ ప్రతిభ వికసించినది.

ఆయన విద్యకు మన దేశంతో గాఢమైన సంబంధం ఉన్నది. భారతీయుల ఖగోళ సిద్ధాంతాలు 8వ శతాబ్దపు ఉత్తరార్ధంలోనే బాగ్దాదుకు చేరినవి. వాటిని ఆధారం చేసికొని ఆయన ఖగోళ పట్టికలను కూర్చినాడు. సున్నతో కూడిన మన దశాంశ సంఖ్యా విధానాన్ని వివరిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసినాడు. ఆ విద్య హిందూదేశపుదని దాచక చెప్పినాడు. పరుల విద్యను స్వీకరించి, వారి పేరును చెప్పడం పండితునికి ఉండవలసిన మొదటి నీతి.

ఇంచుమించు ఆ కాలంలోనే మనకు సమీపాన మరొక గణిత దీపం వెలిగినది. తాండూరునుండి రైలులో పడమరగా పోతే సేడం దాటిన తరువాత వచ్చే మల్ఖేడ్, నాటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. అమోఘవర్షుని కాలంలో జైన పండితుడు మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ రచించినాడు. దానిని తరువాత 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. ఒకే యుగంలో బాగ్దాదులోనూ, మాన్యఖేటంలోనూ గణితం ప్రజల నిత్యజీవితానికి ఉపకరించే విద్యగా రూపొందినది.

అల్ ఖ్వారిజ్మీకి శాశ్వత కీర్తిని తెచ్చినది 820 ప్రాంతంలో వెలువడిన ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ గ్రంథం. జబ్ర్ అంటే లోపించినదానిని పూరించి సరిచేయడం. విరిగిన ఎముకకు కట్టు కట్టడానికి కూడా అరబ్బులు ఆ మాటనే వాడినారు. ముఖాబలా అంటే రెండు పక్షాలను ఎదురెదురుగా ఉంచి సమానం చేయడం. ఆల్జీబ్రా అనే పేరు ఈ గ్రంథంనుండే పుట్టినది. విశేషమేమనగా, అందులో నేటి బీజగణిత సంకేతాలు ఒక్కటీ లేవు; సమస్తం మాటలలోనే ఉన్నది.

ఆయన ఇచ్చిన ప్రసిద్ధమైన లెక్క ఒకటి చూడండి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 అవుతుంది. ఆ సంఖ్య ఏది? పదిలో సగం 5, దాని వర్గం 25. దానిని 39కి కలిపితే 64, దాని వర్గమూలం 8. అందులోనుండి 5 తీసివేస్తే 3 మిగులుతుంది. ఇంతటితో ఆయన ఆగలేదు. ఈ పద్ధతి ఎందుకు సరియైనదో చతురస్రం గీసి నిరూపించినాడు. సమాధానం చెప్పడమే గాక కారణం చూపడం ఆయన మార్గం. చదువరి ప్రతి మెట్టునూ తానే పరీక్షించుకొనవచ్చును.

ఆ గ్రంథంలో అధిక భాగం నిత్య వ్యవహారాలకు సంబంధించినది. వ్యాపారం, భూమి కొలత, వీలునామాలు, వారసత్వ విభజన అందులో విపులంగా ఉన్నవి. ఉదాహరణకు, ఒక వ్యక్తి భార్యను, ఒక కుమారుని, ఒక కుమార్తెను విడిచి మరణించినాడనుకొందాం. ఇస్లాం ధర్మం ప్రకారం ఆస్తిని 24 భాగాలు చేస్తే భార్యకు 3, కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తవి. ఇక్కడ లెక్క తప్పితే నష్టపోయేది వితంతువో, తండ్రి లేని పిల్లలో. గణితం మనిషి హక్కును కాపాడే సాధనమని ఈ భాగం చాటుతున్నది.

833లో పూర్తియైన ‘సూరతుల్ అర్ద్’ అనే భూగోళ గ్రంథం ఆయన స్వభావంలోని మరొక గుణాన్ని తెలుపుతుంది. గ్రీకు పండితుడు టాలెమీ అంటే ఆ కాలంలో అపారమైన గౌరవం. అయినప్పటికీ ఆయన మధ్యధరా సముద్రపు పొడవును మిక్కిలి ఎక్కువగా చెప్పగా, అల్ ఖ్వారిజ్మీ దానిని తగ్గించి సత్యానికి చేరువ చేసినాడు. గౌరవం వేరు, గుడ్డి నమ్మకం వేరు.

850 ప్రాంతంలో ఆయన కన్నుమూసినాడు. మూడు శతాబ్దాల తరువాత, 1145లో, స్పెయిన్‌లోని సెగోవియాలో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఆయన బీజగణితాన్ని లాటిన్‌లోనికి అనువదించినాడు. సంఖ్యా గ్రంథపు లాటిన్ ప్రతిలో ఆయన పేరు ‘అల్గోరిజ్మీ’గా మారినది. ఐరోపా వారికి మొదట ఆ మాట కొత్త అంకెలతో లెక్క చేయడమని అర్థమైనది. నేడది కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞల క్రమానికి పేరైనది.

ఇక ఆయన మార్గం మన కాలంలో నిలిచినదా అని విచారించుకొనవలెను. నేటి కృత్రిమ మేధ అపారమైన సమాచారంలోని పోలికలను గ్రహించి సమాధానాన్ని ఊహిస్తుంది. ఆ సమాధానం ఎందుకు వచ్చినదో మెట్టు మెట్టుగా చూపడం దానిని నిర్మించిన వారికే కష్టం. మన రాష్ట్రంలోనే ఒక నిదర్శనం ఉన్నది. ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ వివిధ శాఖల రికార్డులను జోడించి కుటుంబాల అర్హతను పోల్చి చూచినది. ఇటువంటి వ్యవస్థలో పేర్లు, చిరునామాలు కొంచెం కలిసినంతనే ఒకరి వాహనం మరొకరి ఖాతాలో పడే ప్రమాదం ఉన్నది. కంప్యూటర్ లెక్కను నమ్మి, ఇంటికి పోయి విచారింపకనే రేషన్ కార్డులు తొలగించినారనే వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరినది. 2016 తరువాత రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలెనని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించినది. యంత్రం వేసిన లెక్కను మనిషి గడప దాకా పోయి సరిచూడవలసి వచ్చినది. వారసత్వ లెక్కలో అల్ ఖ్వారిజ్మీ చూపిన శ్రద్ధ ఇక్కడ లోపించినందున పేదవాని పళ్ళెంలోని అన్నం ప్రశ్నార్థకమైనది.

ఈ బాధ్యత ప్రభుత్వాలకే పరిమితం కాదు. కంది పైరుకు తెగులు సోకితే తాండూరు ప్రాంతపు రైతు కుమారుడు ఆకు ఫోటో తీసి ఫోన్‌ను అడుగవచ్చును. అది మంచిదే. కాని మందు కొనేముందు తాండూరులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోనో, వ్యవసాయాధికారి వద్దనో సరిచూచుకొనవలెను. మందు తప్పితే పంట నష్టం యంత్రం భరించదు. వికారాబాద్‌లో చదివే విద్యార్థి తెలియని పాఠాన్ని యంత్రంతో విడమరచి చెప్పించుకొనవచ్చును. అది వ్రాసిన వ్యాసాన్ని తన పేరుతో సమర్పించడం మాత్రం విద్య కాదు. తెలుగు, ఉర్దూ భాషలలో యంత్రం నేర్చిన పాఠాలు ఇంగ్లీషుతో పోల్చితే స్వల్పం. కనుక మన భాషలలో అది ఇచ్చే సమాధానాన్ని మరింత జాగ్రత్తతో చూడవలెను. ఇరుగుపొరుగువారి రహస్యాలను, ఫోటోలను దాని ముందు పరచడం అమానతును వమ్ము చేయడమే.

విద్యార్థి మిత్రులారా! అల్ ఖ్వారిజ్మీ జీవితం మనకు నాలుగు ధర్మాలు నేర్పుతున్నది. విద్య ఎవరి వద్దనుండి వచ్చినదో దాచక చెప్పడం, సమాధానంతోపాటు కారణం అడగడం, ఎంతటివారి మాటనైనా పరీక్షించడం, లెక్క చివర ఉన్న మనిషిని మరువకపోవడం. యంత్రాన్ని వాడే ప్రతివాడూ ఈ నాలుగింటిని పాటిస్తే చాలు. అప్పుడే ప్రపంచమంతటా నిత్యం పలుకబడుతున్న ఆ పేరుకు మనం నిజమైన గౌరవం చేసినవారమవుతాము.