మన నెల్లూరు నవ్వు - రమణారెడ్డి

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి సైకిలు తొక్కని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. ఆ తీరం ఉన్న ఇందుకూరుపేట ప్రాంతంలోనే జగదేవిపేట అనే పల్లె ఉంది. 1921 అక్టోబరు 1న అక్కడ పుట్టిన తిక్కవరపు వెంకట రమణారెడ్డి ఆ తర్వాత తెలుగుదేశాన్నంతా రెండు దశాబ్దాల పాటు నవ్వించాడు. ఊరు పేరు చెబితే తెలియనివాళ్ళకు కూడా చిన్నమయ్య అంటే చాలు, మనిషి కళ్ళముందు కనబడతాడు.

ఆయన మొదట్లో నటుడు కాదు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. నెల నెలా జీతం వచ్చే సర్కారు కొలువు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంట్లో అట్టాంటి ఉద్యోగం ఉందంటే పిల్లనిచ్చేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పగలు వీధుల శుభ్రత చూసుకోవడం, తీరిక దొరికితే ముఖానికి రంగు పూసుకుని నాటకాల్లో వేషం కట్టడం. ఇట్టా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి కొంతకాలం నెట్టుకొచ్చాడు. చివరికి ఒక పడవ వదలక తప్పలేదు. వదిలింది జీతం వచ్చే పడవనే.

మద్రాసు మనకేమీ దూరం కాదు, రైలెక్కితే పూటలో చేరొచ్చు. కానీ స్టూడియో గేటు దాటడం మాత్రం అంత దగ్గర పని కాదు. పైగా మనిషిని చూస్తే హీరో లక్షణం ఒక్కటీ లేదు. ఎండు కట్టె లాంటి శరీరం, పొడుగాటి ముఖం, మెడ ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. దానికి తోడు నోరు తెరిస్తే నెల్లూరు యాస. అయితే ఇంకొకడు లోపం అనుకుని దాచుకునే ఈ రెంటినే ఆయన పెట్టుబడిగా పెట్టాడు. 1952లో వచ్చిన మానవతి వంటి తొలి చిత్రాలతో మొదలుపెట్టి, 1955 నాటికి నిలదొక్కుకున్నాడు.

ఆ 1955 సంవత్సరం ఆయన జీవితంలో పెద్ద మలుపు. ఎల్.వి. ప్రసాదు దర్శకత్వంలో వచ్చిన మిస్సమ్మలో డేవిడ్ ఆయనే. అప్పు ఇచ్చిన చనువుతో మేరీని పెళ్ళాడాలని వెంటబడే మనిషి. తాపీ చాణక్య తీసిన రోజులు మారాయిలో కరణం వేషం కట్టాడు. మన పల్లెల్లో రైతు భూమి కాగితాలు కరణం చేతిలో ఎట్టా ఆడేవో తెలిసిన పెద్దవాళ్ళకు ఆ వేషం చూస్తే నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. ఇదే రమణారెడ్డి ప్రత్యేకత. ఆయన వేసినవి చాలావరకు మంచివాళ్ళ వేషాలు కావు. పిసినారి, జిత్తులమారి, తంపులు పెట్టేవాడు. మనం వాళ్ళను అసహ్యించుకోవాలి, అయినా వాళ్ళు తెర మీద కనపడకపోతే వెలితిగా ఉంటుంది. చెడ్డతనాన్ని నవ్వుతో కలిపి ఇవ్వడం అందరికీ పట్టుబడే విద్య కాదు.

1957లో కె.వి. రెడ్డి మాయాబజార్ వచ్చింది. అందులో ఘటోత్కచుడి కొలువులోని చిన్నమయ్య ఆయన. మాయాబజారును సృష్టించే వేషం ఆయనకు దక్కడంలో ఒక తమాషా ఉంది. రమణారెడ్డి నిజజీవితంలో కూడా ఇంద్రజాలికుడే! మ్యాజిక్కు శ్రద్ధగా నేర్చుకుని ప్రదర్శనలిచ్చేవాడు, మంచి పనుల సహాయార్థం కూడా ఇచ్చేవాడు. పేకముక్కను మాయం చేసే చేతికి, మాట విరిచే నాలుకకు కావలసింది ఒక్కటే - సరైన క్షణం. ఆ క్షణం ఆయనకు బాగా తెలుసు.

1962 నాటి గుండమ్మ కథలో ఘంటయ్యగా సూర్యకాంతం గారి ముందు ఆయన వేసిన ఎత్తులు ఇప్పటికీ టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. ఆ చిత్రంలో ఆయన మేనల్లుడు భూపతిగా వేసింది కావలిలో పుట్టిన రాజనాల. అంటే మామా అల్లుళ్ళిద్దరూ మన జిల్లావాళ్ళే! ఇక బొద్దుగా ఉండే రేలంగి, బక్కపలచని రమణారెడ్డి ఒకే ఫ్రేములో నిలబడితే డైలాగు మొదలవక ముందే హాల్లో నవ్వులు మొదలయ్యేవి. ఇంగ్లీషు చిత్రాల్లో లారెల్, హార్డీలను చూసినవాళ్ళకు ఆ పోలిక తట్టక మానదు.

1974 నవంబరు 11న ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయసు యాభైమూడేళ్ళే. తెలుగు సినిమా రంగుల్లోకి మారుతున్న రోజులు. ఇంకో పదిహేనేళ్ళు ఉండుంటే ఎన్ని వేషాలు కట్టేవాడో!

మిత్రులారా, ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. మనలో చాలామంది ఇంటర్వ్యూకని హైదరాబాదో మద్రాసో పోయినప్పుడు నోట్లోంచి ఏంది, ఎట్టా అనే మాటలు జారిపడకుండా నాలుక కరుచుకుంటారు. పక్క జిల్లావాళ్ళు వెక్కిరిస్తే ముఖం చిన్నబుచ్చుకుంటారు. జగదేవిపేట నుంచి వెళ్ళిన ఆ బక్క మనిషి అదే యాసతో, అదే శరీరంతో మహామహుల మధ్య నిలబడి తన చోటు తను సంపాదించుకున్నాడు. సర్కారు కొలువు అందరూ వదులుకోవాలని కాదు. మనకున్నదాన్ని చూసి మనమే సిగ్గుపడకపోతే చాలు. ఈసారి మైపాడు పోయేటప్పుడు ఆ పల్లెను కాస్త తలుచుకుందాం.