పాల్కురికి సోమనాథ మహాకవి

ఓరుగంటి సీమయందలి పాలకుర్తి సోమనాథ మహాకవి స్వగ్రామము. శ్రియాదేవి, విష్ణురామిదేవుడు ఆయన జననీజనకులు. కాకతీయుల కాలమున పండితసభలు సంస్కృతభూయిష్టములగు పద్యకావ్యములనే మన్నించెడివి. సంస్కృత కన్నడములందును విద్వాంసుడయ్యు, సోమనాథుడు సామాన్యులు ఇంట పాడుకొనుటకు వీలగు దేశి ద్విపదలో, జాను తెనుగున బసవపురాణమును రచించెను. బసవేశ్వరుడు కన్నడ వచనములతో చూపిన మార్గమిదియే.

ఓరుగంటి స్వయంభూ దేవాలయమున భక్తులు ఆ పురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు వచ్చి అదేమని యడిగెనట. యతినియమము తప్పిన ద్విపద యనియు, అప్రమాణమనియు ఒకడు నిందింపగా రాజు వెడలిపోయెనని ఐతిహ్యము.

సభ నిరాకరించినను భక్తుల గృహములు దానిని విడువలేదు. 1369లో భీమకవి కన్నడమున వెలయించెను. నాటి స్వయంభూ దేవాలయము నేడు శిథిలము. సోమనాథుని ద్విపద మాత్రము సజీవము.